కుప్పంలో తలంటు పోసుకున్న మామిడిచెట్టు

మదనపల్లెలో పొద్దున ఆరున్నర బస్సుకు బయలుదేరినాము, నేనూ మా చెల్లెలి కూతురు రేవతీ. రేవతి బెంగుళూరులో పరిశోధన చేస్తా ఉండేది. చెట్లు గాలిని ఎట్లా తీసుకుంటాయి, ఎట్లా వదులుతాయి అని చూడడం ఆమె పని. రెండువేల సంవత్సరం దాటినాక వరసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్లలో ఒక ఎండాకాలమది. నీళ్లు లేని చెట్టు గాలితో ఎట్లా నెట్టుకొస్తాదో కొలవాలని, కుప్పం దగ్గర మా కోడలి మేనమామ మునెప్ప తోటకు పోవాల. పిల్లను ఒంటరిగా పంపడానికి మనసొప్పక నేనూ బస్సెక్కినాను.

ఆ కొలతలు తీసే మిషన్ పెట్టెను రేవతి ఒళ్లోనే పెట్టుకునింది. కండక్టరు దానికీ టికెట్ కొట్టినాడు. పుంగనూరులో దిగి, వేడి ఇడ్లీలు తిని, పలమనేరు మీదుగా పోయే కుప్పం బస్సు పట్టుకున్నాము. పక్కసీట్లో మల్లెపూల గంపతో కూర్చున్నామె పెట్టెలో ఏముండాదని అడిగింది. ఆకు అడుగున కంటికి కనపడని నోళ్లు ఉంటాయని, వాటితో గాలి లోపలికి తీసుకునేటప్పుడు చెట్టులోని నీళ్లు ఆవిరై బయటికి పోతాయని, ఆ రెండూ ఈ మిషన్ కొలుస్తుందని రేవతి ఓపిగ్గా చెప్పింది.

“మరి నీళ్లు లేకపోతే?” అనిందామె.

“నోరు మూసుకుంటుందక్కా. నీళ్లు మిగులుతాయి. కానీ గాలే దాని తిండి కాబట్టి పస్తు పడుకుంటుంది.”

“మా ఆయనకు ఆ బుద్ధి లేదమ్మా. ఉన్నా లేకపోయినా నోరు తెరిచే ఉంటాడు” అనిందామె. ముందు సీట్లవాళ్లు కూడా వెనక్కి తిరిగి నవ్వినారు.

ఒంటిగంట దాటినాక కుప్పంలో దిగి, ఆటోలో ఊరు చేరినాము. మునెప్ప భార్య రాగిసంగటి, ఉలవచారు పెట్టింది. ట్యాంకరు నీళ్ల మీద బతికే ఊరది. స్నానానికి నీళ్లడగాలంటే నాకే మొహమాటమయింది. మిషన్ మర్నాడు సాయంత్రం రైలుకు బెంగుళూరు పోవాల, తర్వాతి వంతు ఇంకొకరిది. మళ్లీ చేతికొచ్చేలోగా వానలు పడితే, రేవతికి ఈ కరువు కొలతలు దొరకవు, ఏడాది పని వెనక్కి పోతుంది. తెల్లారే తోటకు పోదామని చెప్పి పడుకునింది.

తెల్లారి పోతే ఏముండాది! మామిడి పిల్లచెట్లు కడిగిన ఇత్తడి చెంబుల మాదిరి మెరుస్తా ఉండాయి. పాదుల నిండా తడి. మొదళ్లకు పసుపు, కుంకుమ బొట్లు. రేవతి గట్టు మీద కూలబడింది.

మునెప్ప ముఖం మాత్రం వెలిగిపోతా ఉండాది. “ఆవును డాక్టరుకు చూపించాలంటే కడిగి చూపిస్తాం గదా పాపా. నువ్వింత దూరం వస్తే దుమ్ముకొట్టుకున్న చెట్లను యాల చూపిస్తాము?” అన్నాడు.

పోసింది తాగే నీళ్లే. అది తెలిసినాక ఆయన్ను తప్పుపట్టడానికి ఆ పిల్లకు మనసు రాలేదు. ఎండిన చెట్లు కావాలని నేనే నెమ్మదిగా చెప్తే, మునెప్ప తలొంచుకున్నాడు.

గట్టుకు అవతల దుమ్ము పట్టిన చెట్లు ఉండాయి. అవి మునెప్ప తమ్ముడు క్రిష్ణప్పవి. ఒకే రోజు నాటిన మొక్కలంట. ఇప్పుడు చుక్క రాని బోరు కాడ తగాదా పడినప్పటినుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. నేనే గట్టు దాటి పోయి, నీ చెట్లు కావాలప్పా అని అడిగినాను.

“పండక్కి తలంటు పోసుకున్న చెట్లు ఆడుండాయి గదక్కా. మాడిపోయిన నా చెట్లెందుకు?”

“మాడిపోయుండాయనే కావాలప్పా.”

ఎగతాళి పట్టిస్తాండానేమోనని నా ముఖం పరీక్షగా చూసినాడు. తర్వాత, అన్నే వచ్చి అడగాలని మెలిక పెట్టినాడు. ఆ సంగతి నేనొచ్చి చెప్తే మునెప్ప తడి పాదుల్లో మట్టి సర్దుతా కూర్చున్నాడు. రేవతి టైము చూసుకుంటా ఉండాది, ఎండ ఎక్కుతా ఉండాది. చివరికి ఆయనే మిషన్ పెట్టె భుజానికెత్తుకొని గట్టు కాడికి పోయి నిలబడినాడు.

“ఒరే, బరువుగా ఉండాది. దించుకో.”

క్రిష్ణప్ప చేతులు చాపి దించుకున్నాడు.

మనుషుల ఊపిరి తగిలితే లెక్క తప్పుతుందని రేవతి మమ్మల్నందర్నీ దూరంగా కూర్చోబెట్టింది. గట్టుకు అటూ ఇటూ తిరిగి రెండు రకాల ఆకులూ కొలిచింది. పది గంటలకంతా క్రిష్ణప్ప చెట్టు ఆకులు దాదాపు నోళ్లు మూసేసినాయి. నీళ్లు తాగిన చెట్టువి ఇంకా తెరిచే ఉండాయి. ఒకే వయసు, ఒకే నేల, ఒకే ఎండ. “నేనే కావాలని ఏర్పాటు చేసుకున్నా ఈ పోలిక ఇంత బాగా కుదరదు పెద్దమ్మా” అంటా ఆ పిల్ల చెమటలోనే నవ్వింది.

“చూస్తివా, నా చెట్టు నా మాదిరే నోరు మూసుకోనుండాది” అన్నాడు క్రిష్ణప్ప.

“నువ్వు నోరు మూసుకునిందెప్పుడురా?” అన్నాడు మునెప్ప.

సాయంత్రం రేవతిని బెంగుళూరు రైలెక్కించి, మర్నాడు పొద్దున నేను మదనపల్లెకు తిరుగుదారి పట్టినాను. ఇట్లాంటి పని మీద మా పక్కకొచ్చేవాళ్లు ముందే వివరంగా చెప్పి పెట్టండి, మావాళ్లు మర్యాద చేయకుండా ఊరుకోరు. పుంగనూరు దాటినాక ఎండలో దోవపక్క చింతచెట్లు ఒక్క ఆకు కదలకుండా నిలబడి ఉండాయి. ఇంతకుముందైతే ఊరికే నిలబడుండాయనుకునేదాన్ని. లోపల ఎన్ని నోళ్లు మూసుకుని నీళ్లు దాచుకుంటాండాయో. తమ కడవలోని నీళ్లు మాత్రం దాచుకోకుండా, చుట్టం వచ్చి చూస్తుందని చెట్టుకు స్నానం చేయించిన ఇంటి నుంచి నేను వస్తాండాను.