బాలశౌరి నోరు విప్పాడు

గుణదల బాలశౌరి ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టేవాడు. అరవై దాటాక మూత్రానికి ఇబ్బంది మొదలైంది. సిగ్గుతో ఏడాదిపాటు భార్య రోజ్‌మేరీకి కూడా చెప్పలేదు. చెప్పేసరికి ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకింది. హార్మోన్ ఇంజెక్షన్లు కొన్నాళ్లు పనిచేశాయి, ఆ తర్వాత పనిచేయలేదు. కీమో కూడా అంతే. నడుం నొప్పితో మంచం దిగలేకపోయాడు.

అప్పుడు డాక్టర్ సింధూరి గారు పాత బయాప్సీ ముక్కను ఇంకో పరీక్షకు పంపారు. జన్యువుల్లో దొర్లే తప్పుల్ని దిద్దే ఏర్పాటు ప్రతి కణంలోనూ ఉంటుందనీ, అది చెడిపోయిన క్యాన్సర్‌ను ఒంట్లోని రక్షణ కణాలు తేలిగ్గా పసిగడతాయనీ, వాటిని ఉసిగొల్పే మందు ఉందనీ వివరించారు.

"ఆ ఏర్పాటు చెడిందన్న గుర్తు ఈ జబ్బులో నూటికి ఇద్దరు ముగ్గురికే ఉంటుందండీ. అది లేకపోతే ఈ మందుతో పెద్దగా ఫలితం ఉండదు" అన్నారు.

బాలశౌరికి ఉంది. ఒక సహాయ పథకం కింద ఆ మందుతో ఇమ్యునోథెరపీ మొదలైంది. సెలైన్‌లా ఎక్కిస్తారు. కొన్ని విడతలకే నొప్పి తగ్గింది, రక్తంలో ఈ జబ్బు జోరును చూపే పీఎస్ఏ దిగింది, మనిషి లేచి తిరిగాడు.

అయితే ఆ లోపం పుట్టుకతోనే వచ్చిందని రక్తపరీక్షలో తేలింది. తోబుట్టువులకూ పిల్లలకూ ఉండొచ్చు, పేగు క్యాన్సర్ తేవచ్చు. కొడుకు జాన్ పాల్‌కి లేదని తేలింది. మిగిలింది హనుమాన్ జంక్షన్‌లో ఉన్న చెల్లెలు జోజమ్మ. బాలశౌరి బస్సెక్కి వెళ్లి, ఆమె భర్త ముందరే ఉన్నదున్నట్టు చెప్పాడు. ఒంట్లో నిక్షేపంగా ఉన్నదాన్ని ఆసుపత్రికెందుకు తిప్పుతావని ఆమె కోప్పడింది.

"నాన్న పేగు జబ్బుతోనే పోయాడు జోజీ. మనం అల్సరనుకున్నాం. నేను సిగ్గుపడి ఎముకలదాకా తెచ్చుకున్నా. నువ్వు తెచ్చుకోమాక" అన్నాడు.

ఆమె ఒప్పుకోలేదు. అతను మళ్లీ మళ్లీ వెళ్లాడు. వాదించకుండా వరండాలో కూర్చుని, పెట్టింది తిని వచ్చేవాడు. చివరికి విసుగెత్తి తనే బయల్దేరింది. ఆమెకూ ఆ లోపం ఉంది. పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూస్తే క్యాన్సర్ అప్పుడే మొదలవుతోంది. ఆపరేషన్‌తో తీసేశారు. కీమో అవసరం పడలేదు. ఇంటికొచ్చాక జోజమ్మే ఒంట్లో ఏ ఇబ్బందున్నా దాచుకోకుండా పరీక్ష చేయించుకోమని తన ఆడపడుచులకు చెప్పడం మొదలుపెట్టింది.

వార్డులో కొత్తగా వచ్చిన మగవాళ్లతో బాలశౌరి ఇప్పుడు ఏదీ దాచకుండా మాట్లాడతాడు. తనకు పట్టిన మందు అందరికీ పట్టదని ముందే చెబుతాడు. అక్కడే పరిచయమైన భవానీపురం కాశింకి ఆ గుర్తు లేదని రిపోర్టు వచ్చింది. కాశిం కీమోకి వచ్చిన రోజు బాలశౌరి పొద్దున్నే వెళ్లి, మందు సీసా అయిపోయేదాకా పక్కన కూర్చున్నాడు.