రెండంకెలకి రెండు పేర్లు

జుగ్సలాయిలో మా ఆఫీసు ఒక బోల్టుల గోడౌను మీద ఉంది. అందులో తెలుగు మాటాడేది ఇద్దరమే, నేనూ మా సీనియరూ. అందరూ ఆయన్ని భయ్యా అంటే, నేనొక్కదాన్నే అన్నా అనేదాన్ని. ఆయనది భుయ్యాడీహ్, మాది బాగ్‌బేరా రైల్వే క్వార్టర్స్. ఇద్దరి తాతలూ శ్రీకాకుళం వైపు నించి పని వెతుక్కుంటూ ఈ హిందీ ఊరికి వచ్చినవాళ్లే. ఆ ఒక్క ముక్కకే మనిషిని నమ్మేసే రకాన్ని నేను, ఏం చెప్పమంటారు.

నేను చేరి అప్పటికి ఐదు నెలలు. ఆరో నెల గడిస్తే ఉద్యోగం పక్కా. మా అమ్మైతే పక్కా అయిపోయిందని చుట్టాలకి చెప్పేసింది కూడా.

కింద గోడౌనుకే, ఏ సరుకు ఎక్కడుందో చూపించే ప్రోగ్రాం రాస్తున్నాను. ఒక్కో పెట్టె చోటుకి రెండంకెలు: ఎన్నో లైను, అందులో కింద నించి ఎన్నో అర, ఇక్కడి మాటలో ఖానా. అలా జతగా కట్టిన విలువల్ని ట్యూపుల్ అంటారు. రిజిస్టర్లో లైను ముందు రాస్తారు. కూలీలు మాత్రం ఖానా ముందు చెప్తారు, నిచ్చెన కావాలో వద్దో వాళ్లకి ముందు తెలియాలి మరి. ఎవరి అలవాటూ మార్చడం ఇష్టంలేక, ఆ జతకి రెండు పేర్లు పెట్టేను, రిజిస్టర్ చోటు, కూలీ చోటు అని. ఇలా పేరు పెట్టడాన్నే టైప్ అలియాస్ అంటారు.

పెట్టేక అనుమానం వచ్చి అడిగేను. "అన్నా, ఒకదాని బదులు ఇంకోటి పెట్టేత్తే మిషను తప్పని పట్టుకుని ఆపుతాదా?"

"పేర్లు వేరు గదమ్మా, ఆపుతాది. నీకేటి భయం, పంపించీ," అన్నారు ఇంటికెళ్లే తొందరలో, చేతిలో బండి తాళం ఆడిస్తూ.

పంపించేశాను.

వారం తిరక్కుండా చాయ్‌బాసా వెళ్లిన లారీ, తప్పు బోల్టులతో తిరిగొచ్చింది. ఏడో లైను మూడో ఖానాకి బదులు మూడో లైను ఏడో ఖానా చూపించింది నా ప్రోగ్రాం. ఒకచోట రెండు పేర్లూ తారుమారు చేశాను. మిషను కిమ్మనలేదు. దానికి ఆ పేర్లతో పనే లేదు, లోపల రెండంకెలుంటే చాలు.

మా ఓనరు ఇద్దర్నీ పిలిచేడు. నేను నోరు తెరిచేలోపే అన్న హిందీలో అందుకున్నారు. "మైనే తో బోలా థా," నేను చెప్పనే చెప్పేనని. అలియాస్ అంటే ఉత్త పేరేనని, మిషను కలవనివ్వని వేరే టైపులే కట్టమని నాకు ముందే చెప్పేరంట, నేను వినలేదంట. నా వైపు చూడలేదు. నాకు ఒళ్లంతా మండింది. పక్కా సంగతి ఇంకో ఆరు నెలలు వాయిదా పడింది.

సీటుకొచ్చి ఆయన పాత ప్రోగ్రాములు తెరిచి చూశాను. ఇలాంటి జత వచ్చిన ప్రతిచోటా శుభ్రంగా వేరే టైపు కట్టుకున్నారు. అంటే ఆ రోజూ తెలుసు. మోసపోయేనని నాకు అప్పుడు పూర్తిగా అర్థమయింది.

సాయంత్రం మెట్ల దగ్గర నిలబడ్డారు. "ఏటీ అనుకోకమ్మా. టీము నాది, నా మీద పడితే నేను నిలబడలేను. నువ్వు సిన్నదానివి, తట్టుకుంటావు." మళ్లీ తెలుగే. ఆ తెలుగు విని ఇంకా ఏడుపొచ్చింది నాకు.

మర్నాడు రెండు వేరే టైపులు కట్టేను. కావాలని ఒకదాని చోట రెండోది పెట్టి చూశాను. మిషను వెంటనే ఆపేసింది. ఒకసారి చూడమని ఆయన్ని పిలిచేను.

"భయ్యా, జరా దేఖ్ లీజియే."

ఆయన తల తిప్పి, పిలిచిందెవరా అని నా వెనక్కి చూసేరు.