ముఖాలు వినే పెద్దమ్మ

పోయిన నెల ఒక పొద్దున ఆఫీసుకు బయలుదేరుతుంటే ఫోన్ మోగింది. "మీ పెద్దమ్మ పోయింది బిడ్డా" అన్నారు పెద్దనాయన.  అటునుంచి అటే బస్సెక్కాను.

ఆమె నాకు చుట్టం కాదు. గ్రూప్స్ పరీక్షలకు చదువుతూ అశోక్‌నగర్‌లో మూడేళ్ళు ఉన్న ఇంటి ఓనరమ్మ. పైగదిలో మేం ముగ్గురం ఆడపిల్లలం కిరాయికి ఉండేవాళ్ళం, కింద ఆమె, ఆమె భర్త. వాళ్ళను పెద్దమ్మ, పెద్దనాయన అని పిలిచేవాళ్ళం. ఇరవై రెండో ఏట జ్వరం వచ్చి ఆమెకు రెండు చెవులూ పోయాయట. మాట మాత్రం మిగిలింది, కాస్త గట్టిగా. ఎదుటివాళ్ళ పెదవులు, ముఖం చూసి వాళ్ళ మాట పట్టేసేది.

సినిమా అంటే ఆమెకు ప్రాణం. అయినా తెలుగు సినిమాలు చాలా తక్కువ చూసేది. నారాయణగూడలో సీడీలు అద్దెకిచ్చే దుకాణం నుంచి పెద్దనాయన ఎక్కడెక్కడి దేశాల సినిమాలో తెచ్చేవారు. ఎందుకని ఒకసారి అడిగాను.

"మన సినిమాల పాట వస్తున్నదని తెలుస్తది, ఇనవడదు. పానం ఉసూరుమంటది. గా జపాన్ భాషైతే మీకు గూడ రాదు గద! అప్పుడు అందరం ఒక్కటే" అని నవ్వింది.

ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక మమ్మల్ని కూడా పిలిచేది. కింద వచ్చే ఇంగ్లిష్ అక్షరాలు కనిపించకుండా టీవీ ముందు అట్టముక్క నిలబెట్టేది. అక్షరాలు చదువుకుంటూ కూర్చుంటే మొఖం ఎప్పుడు చూస్తారని ఆమె కోపం. నటుల పేర్లేవీ ఆమెకు పట్టేవి కావు. జపానాయన, ఇటలామె, రష్యాయన, అంతే.

"చావు కబురొచ్చింది అనుకో. ఇటలామెకు ఒళ్ళంత నోరే. చేతులు, మెడ, ఆఖరికి చీర కుచ్చిళ్ళ లెక్క ఉండే ఆ గౌను గూడ ఏడుస్తది. రష్యాయన ముందుగాల నవ్వుతడు, నవ్వు మధ్యల ఇరిగిపోతడు. జపానాయన చేతిలున్న కప్పు కింద పెడతడు, గంతే. ఆళ్ళ గోడలు కాయితపు గోడలంట, గట్టిగ ఏడిస్తే పక్కింటోళ్ళకు ఇనవడతదని భయమేమో."

"మరి మనోళ్ళు పెద్దమ్మా?"

"మనోడు ముందు కెమెరా యాడున్నదో సూస్తడు!" అని, మేం నవ్వుతుంటే వెంటనే తనే వెనకేసుకొచ్చింది. "నవ్వకుండ్రి. మనకు నాటకాల కాడినుంచి వచ్చిన అలవాటు అది. ఆఖర్ల కూసున్నోనికి గూడ దుఃఖం అందాలె గద. ఎవని ఇల్లు ఎట్లుంటే వాని ఏడుపు గట్లుంటది."

రెండేళ్ళు చదివి రాసిన పరీక్ష ఫలితాల్లో నా నంబరు లేదు. చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర నెట్ సెంటర్లో చూసుకొని నడుచుకుంటూ వచ్చాను. గేటు దగ్గర ఆమె ఎదురైతే నవ్వాను. ఆమె నవ్వలేదు.

"ఆ రష్యాయన లెక్క చేయకు బిడ్డా. నీ నవ్వు కండ్ల దాక రాలే."

చెయ్యి పట్టుకొని వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. కత్తిపీట ముందేసుకొని, నాకు వీపు పెట్టి కూర్చొని బీరకాయలు తరగసాగింది. "గట్టిగనే ఏడువు. నాకు ఎట్లనో ఇనవడదు."

మా ఊళ్ళో, మా అమ్మ ముందు కూడా నేను అంత గట్టిగా ఏడవలేదు. ఆ బలంతోనే మళ్ళీ పుస్తకం పట్టాను. తర్వాతి ఏడాది ఉద్యోగం వచ్చింది, చాలా దూరంలో. మొదట్లో ఫోన్ చేసేదాన్ని. నేను చెప్పింది పెద్దనాయన ఆమెకు చెప్పేవారు, ఆమె మాట వెనక నుంచి గట్టిగా వినిపించేది. పని పెరిగింది. ఫోన్లు తగ్గాయి. ఫోన్‌లో ఆమెకు నా ముఖం ఉండదన్న సంగతి నాకు తట్టనే లేదు.

ఈ ఎండాకాలం పక్షవాతం వచ్చిందని తెలిసి వెళ్ళాను. సగం ముఖం కదలడం లేదు. నన్ను చూసి మిగతా సగంతో నవ్వింది. మాట ముద్దగా వచ్చింది. "సూసినవా, ఇగ నేను గూడ జపానామెనే."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె కంట పడకూడదని కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను, చాలాసేపు. బస్సుకు టైమవుతోందని అలాగే బయటికి వచ్చేశాను. ముఖం తప్ప ఇంకేమీ వినిపించని మనిషికి నేను వీపు చూపించి వచ్చాను. అదే ఆఖరు. ఇది ఎవరికి చెప్పుకోవాలో తెలియక మీకు చెబుతున్నాను.

కబురు అందిన రోజు నేను చేరేసరికి అంతా అయిపోయింది. పెద్దనాయన గడప మీద కూర్చొని ఉన్నారు. నన్ను చూసి ఏదో చెప్పబోయారు. పెదవులు మెల్లగా, ఒక్కో అక్షరం విడివిడిగా కదులుతున్నాయి. గొంతు రావడం లేదు. నలభై ఏళ్ళుగా ఆమెతో మాట్లాడిన తీరు అది. గొంతు రావడం లేదని ఆయనకు తెలియలేదు. నేను చెప్పలేదు. ఎదురుగా నేల మీద కూర్చొని ఆ పెదవులనే చూస్తూ ఉన్నాను.

పొద్దున... చాయ్... అడిగింది, అంటున్నారు.