వేలి మీద రాగి గీత

మచిలీపట్నంలో రోల్డ్ గోల్డ్ నగలకు పూత వేసే షెడ్డులో పనిచేస్తాను. చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఏ తొట్టిలో ఎంత మందు కలపాలి, ఎంత కరెంటు ఇవ్వాలి అన్న లెక్కలన్నీ సొంతంగా నేర్చుకున్నవే. మా ఆవిడ మంచాన పడ్డాక ఆ లెక్కల్ని ఇంటికి తెచ్చుకున్నాను.

పక్షవాతం రెండోసారి వచ్చినప్పుడు ఆవిడకు మాట పూర్తిగా పోయింది. ఎడమ చేతి చూపుడువేలు మాత్రం కాస్త వంగేది. పక్క గదిలో ఉన్నవాళ్లను పిలవాలంటే ఆ వేలే ఆధారం. స్విచ్ నొక్కేంత బలం దానికి లేదు. వంచితే గంట మోగించే ప్లాస్టిక్ పట్టీ ఒకటి తెప్పించాను గానీ అది మరీ బిరుసు. కాగితాన్నయితే వంచగలదు. అందుకని కాగితం మీదే రాగి గీయాలనుకున్నాను.

ఫోనులో వీడియోలు చూసి చాలా కాగితాలు పాడుచేశాను. గీత పక్కలకు పాకిపోయేది, లేకపోతే రాగి పట్టేది కాదు. మా ఊళ్లో కలంకారీ బట్టను ముందు కరక్కాయ నీళ్లలో ముంచుతారు. కాగితానికీ అదే పూశాను. ఆరాక సన్న కుంచెతో వెండి మందును మెలికలు మెలికలుగా గీస్తే, గీత అక్కడే నిలిచి నల్లబడింది. ప్లాస్టిక్ పూసలకు రాగి పట్టించే ద్రావణంలో వేశాను. నల్ల గీత మీద ఎర్రగా రాగి పేరుకుంది.

దాన్ని ఆవిడ వేలికి చుట్టి మీటరు పెట్టాను. కరెంటుకు గీత ఇచ్చే అడ్డు మామూలుగా నలభై ఓములు. వేలు వంగితే నలభై నాలుగు. ఆ తేడాకు గంట మోగేలా చిన్న బోర్డు అమర్చాను.

సాయానికి దివిసీమ నుంచి వచ్చిన మా వదిన, అంటే మా ఆవిడ అక్క, అది చూసి, "ఊరందరికీ బంగారం పూత వేస్తారు, మా చెల్లికి మాత్రం కాగితం ఉంగరమా, మరిది గారూ?" అంది. మా ఆవిడ మూతి ఒక పక్కకు కదిలింది. అది నవ్వే. ఆ తర్వాత గంట మంచినీళ్లకు మోగేది, పక్కకు తిప్పమని మోగేది, టీవీలో సీరియల్ వేళయిందనీ మోగేది.

మంగినపూడి సముద్రం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి రాగి నిలవదు. కొన్నాళ్లకే గీత పచ్చబడి తెగిపోయేది. నగలకు వేసే వార్నిష్ పూస్తే కాగితం బిగుసుకుపోయి వేలు వంగేది కాదు. అందుకే ఒకటి పాడవగానే ఇంకొకటి చేసేవాణ్ణి. చెడిపోవడం రాగి గుణమని లెక్క కట్టేసుకున్నాను.

అందుకే గంట ఆగిపోయినప్పుడు కొత్త పట్టీ చేశాను. అదీ మోగలేదు. కరక్కాయ వగరు మిగిలిందేమోనని ఇంకా బాగా కడిగాను. మీటరు నలభై దగ్గరే ఉంది. వెండి మందు పాతబడిందేమోనని గుడివాడ వెళ్లి కొత్తది తెచ్చాను. పట్టీ కట్టి, "ఏదీ, వంచు" అన్నాను. ఆవిడ గోడ మీది గంట వైపు చూసింది. అంకె కదల్లేదు.

"మళ్లీ రాగే చెడింది" అన్నాను.

వదిన ఆ పట్టీ విప్పి తన వేలికి చుట్టుకుని వంచింది. గంట మోగింది.

"పట్టీ బాగానే ఉందండీ" అంది, నా వైపు చూడకుండా.

మా ఆవిడ ఆ చప్పుడు వింది. గంట మీంచి చూపు తిప్పి తన వేలు చూసుకుంది. చాలాసేపు చూసింది. నాలుగు ఓముల తేడా తేలేది కాగితంలో కాదు, ఆ వేలిలో. దానికి ఏ తొట్టిలో ఏం కలపాలో నాకు తెలియదు.

ఇప్పటికీ పట్టీలు చేస్తున్నాను. కట్టే ముందు నా వేలికి చుట్టి వంచి చూస్తాను. నలభై నాలుగు వస్తుంది, ప్రతిసారీ. అలా చూసేటప్పుడు గంట తీగ ఊడదీసి ఉంచుతాను, ఆవిడకు వినబడకుండా.