మోకాళ్లు చూసే పిల్ల

మా ఆయన పోయాక చిట్కుల్‌లో మా ముందుగదిని ఒక చదువుకునే పిల్లకు కిరాయికిచ్చాను. ఎవరొచ్చినా ఆ పిల్ల ముందు మోకాళ్లు చూసేది, తర్వాతే మొహం. లక్షల ఏండ్ల కిందటి మనుషులు ఎట్లా నడిచారో, నేలలో రాయైపోయిన వాళ్ల ఎముకలు చూసి చెప్పడమే ఆమె చదువట. ఏం చదువో ఏమో గానీ, ఆమె వచ్చాకే మా ఇంట్లో మళ్లీ మనిషి మాట వినిపించింది.

ఒకనాడు ఆ గది కిటికీలో తొడ ఎముక కనబడిందని పక్కింటి ముసలమ్మ కోడలిని వెంటేసుకొని వచ్చింది.

"ఇంట్ల బొక్కలు పెట్టుకునేదాన్ని ఉంచుకుంటవా? ఇయ్యాలనే ఖాళీ చేయించు!"

ఆ పిల్ల మాత్రం నవ్వుతూ ఎముకను తెచ్చి చూపించింది.

"ఇది ఉత్త ప్లాస్టర్‌ది అవ్వా, వినాయకుని లెక్క అచ్చుల పోసిండ్రు. మన తొడబొక్క మోకాలి దిక్కు వచ్చేసరికి జెర లోపలికి ఒరుగుతది. కోతులకు తిన్నగుంటది. అందుకే అవి రెండు కాళ్ల మీద నడిస్తే గిట్ల ఊగుతయి" అంటూ వాకిలంతా ఊగుతూ నడిచింది.

"అచ్చం మా అత్త నడకనే!" అని కోడలు పకపకా నవ్వింది.

ముసలమ్మ చీర మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుంది. "సూడు బిడ్డా, నేను మనిషినా, కోతినా?"

ఆ పిల్ల గొంతుక్కూర్చుని చాలాసేపు చూసి, "మనిషివే అవ్వా" అంది.

"మల్లొక్కసారి చెప్పు బిడ్డా, మా కోడలికి సక్కగ ఇనబడలె" అంది ముసలమ్మ. తర్వాత నావైపు తిరిగి, "ఈ పిల్లను ఖాళీ చేయిస్తే నేనూకోను" అంది.

ఆ పిల్ల ఉన్నన్నాళ్లూ, కోడలితో తగువు పడ్డప్పుడల్లా ముసలమ్మ మోకాళ్లు చూపించుకోవడానికి మా వాకిట్లోకి వచ్చేది.