తెరిచి వదిలిన తడిక

ఏనుగుబీలలో పడవ నడపడానికి గెడ పట్టినవాడెవడైనా దాలయ్య నోట ఆ మాట పడవలసిందే. "తడికేసినావేట్రా?" మనిషి కనబడకముందే గట్టు మీంచి ఆ కేక వినబడేది.

నౌపడ ఉప్పుమళ్ళు దాటి పడమటికి పోతే వస్తుంది ఆ బీల. వానలకి నిండిన నీరు మాఘం దాకా దిగదు. ఆ నీళ్ళలోనే నల్లతుమ్మల అడవి మొల లోతున మునిగి నిలబడి ఉంటుంది. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆ తుమ్మల మీద గూళ్ళు కట్టుకుంటాయి. బీలని కాపుదల కిందికి తెచ్చినప్పటి నుంచి, చూడవచ్చేవాళ్ళని లోపలికి తీసుకుపోయే పని దాలయ్యది. అంతకుముందు దోనెలు చెక్కేవాడు. ఇప్పుడూ చెక్కుతాడు. రెండు తాటిదోనెలు పక్కపక్కన బిగించి పైన పలకలు పరిస్తే సంగడి. దాలయ్య సంగడి మీద నిండు గ్లాసుతో టీ పెట్టి గెడ వేసినా తొణకదని ఊళ్ళో చెప్పుకుంటారు. చెప్పుకునేది వాళ్ళే, అతను చెప్పడు.

రేవు ముందు వెడల్పాటి మడుగు, దాని నిండా గుర్రపుడెక్క. మడుగు నుంచి అడవిలోకి ఒక్కటే కాలవ. ఆ కాలవ మూతికి అడ్డంగా, వెదురు గడలు కట్టలు కట్టి తేలేసిన తడిక ఉంటుంది. సంగడి దాటేటప్పుడు తాడు విప్పి తడిక తెరవాలి, దాటగానే మూసి మళ్ళీ గుంజకి కట్టాలి. వదిలేస్తే, పొద్దెక్కి సముద్రం గాలి మొదలవగానే డెక్కంతా కాలవలోకి దూరి బిగుసుకుపోతుంది.

అందుకే దాలయ్య ఒక కట్టడి పెట్టాడు. తడిక వదిలేసినవాడు నీళ్ళు దిగేదాకా మళ్ళీ గెడ ముట్టకూడదు. పోయిన ఏడాది అతని అక్క కొడుకు త్రినాథ్ వదిలేశాడు. అరగంట సేపే. డెక్క కూడా పెద్దగా రాలేదు.

"ఎవులు సూసినారు మావా?" అని బతిమాలాడు త్రినాథ్.

"నాను సూసినాను" అని దాలయ్య గెడ లాక్కున్నాడు.

ఆ చలికాలమంతా త్రినాథ్ ఉప్పుమళ్ళలో గంపలు మోశాడు. అరికాళ్ళు ఉప్పుకి పుళ్ళు పడ్డాయి. అక్క రెండు నెలలపాటు తమ్ముడి గుమ్మం తొక్కలేదు. దాలయ్య మాత్రం ఆ కట్టడి సడలించలేదు.

ఈ మార్గశిరంలో ఒక ఉదయం విజయనగరం నుంచి భార్యాభర్తలు వచ్చారు. చంద్రమౌళికి అక్కడ ఇనపసామాన్ల కొట్టు ఉంది. భార్య కన్యాకుమారికి పిట్టలంటే ప్రాణం.

"తొందరగా పోనీవయ్యా, రెండింటి బండికి మేం నౌపడ స్టేషన్లో ఉండాలి" అన్నాడు చంద్రమౌళి, ఎక్కుతూనే.

"కొట్టు తాళాలు ఈయన మొలకే ఉన్నాయి. పిట్టలు కూడా ఈయన టైముకే ఎగరాలి" అంది ఆమె.

తడిక దాటుతుండగా పది బారల దూరంలో ఒక గూడబాతు రెక్కలు చాచి నీళ్ళ మీద వాలింది. "అదిగో, అదిగో!" అని చంద్రమౌళి లేచి నిలబడిపోయాడు. సంగడి ఒరిగింది. దాన్ని నిలబెట్టడానికి దాలయ్య చేతిలోని తాడు వదిలి రెండు చేతులా గెడ పట్టాడు. సంగడి కుదుటపడేసరికి తడిక వెనకబడింది.

"కూకోండి బాబూ. ఎనక్కెల్లి తడిక కట్టీసొస్తాం."

"గంటలో వచ్చేస్తాం కదయ్యా! ఈలోగా అది ఎగిరిపోదూ?"

ఇరవై ఏళ్ళలో మొదటిసారి దాలయ్య ‘గంటే కదా’ అనుకున్నాడు.

గంట మూడు గంటలైంది. లోపల మాటలుండవు. దాలయ్య గెడ కొసతో చూపిస్తాడు, వాళ్ళు చూస్తారు. తిరుగు దారిలో మొహానికి చల్లగాలి తగలగానే దాలయ్య గెడ జోరుగా వేశాడు. మలుపు తిరిగితే కాలవ లేదు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి పచ్చగా, గుమ్మం మూసినట్టు, డెక్క. గెడ గుచ్చితే గుచ్చిన చోటే నిలబడింది.

"అటు దారుంది కదా?" చంద్రమౌళి ఉత్తరంగా తుమ్మల మధ్యకి చెయ్యి చాచాడు.

ఉంది. పావుగంటలో అవతలి గట్టు. ఆ సంగతి చంద్రమౌళి కంటే ముందే దాలయ్యకి తట్టింది. ఇంకొకటీ తట్టింది. అటు దిగితే ఎవరి కంటా పడరు. వీళ్ళని బండెక్కించి, చుట్టూ తిరిగొచ్చి తడిక కట్టేస్తే, గెడ తన చేతిలోనే ఉంటుంది. అడిగినవాడికి తాడు తెగిందంటే సరి. కానీ ఆ దారి గూళ్ళ కింద నుంచి పోతుంది. పన్నెండేళ్ళ కిందట ఎవరో ఫోటోల కోసం పట్టుబట్టితే ఒక్కసారి తీసుకుపోయాడు. తల్లులు ఒక్కపెట్టున లేచాయి. కలవరానికి గూళ్ళలోంచి జారిపడ్డ పిల్లల్ని ఆ సాయంత్రం నీళ్ళలోంచి గంపతో ఏరాడు.

అయినా సంగడి అటు తిప్పాడు. రెండు గెడలు వేశాడు. అంచున ఉన్న తుమ్మ మీద గూడబాతు లేచి రెక్కలు విప్పింది. దాని కాళ్ళ మధ్య ఈక రాని మెడ ఒకటి ఊగుతూ పైకి వచ్చింది.

దాలయ్య గెడ అడ్డంగా నాటి సంగడి ఆపాడు. వెనక్కి తిప్పాడు.

"ఏటయ్యా ఇది? బండి పోతుంది!"

"పోతాది బాబూ" అన్నాడు దాలయ్య. ఫోను తీసి నొక్కాడు. "ఒరే తిరినాతూ, కాలవ బిగిసిపోనాది. అటుపక్క నుంచి కోసుకుని రా."

అవతల నుంచి త్రినాథ్ అడిగాడు. "తాడు తెగిందేటి మావా?"

"రా ముందు."

దాలయ్య పంచె ఎగగట్టి కొడవలితో ఛాతీ లోతు నీళ్ళలో దిగాడు. డెక్కని గడ్డివాములోంచి కోసినట్టు చదరాలుగా కోసి, సంగడి పక్క నుంచి లాగి వెనక్కి తోస్తాడు. ముందు బారెడు తెరుచుకుంటే వెనక బారెడు మూసుకుంటుంది. ఎంత కదిలినా వాళ్ళకున్నది సంగడి పట్టేటన్ని నీళ్ళే. తొడలకి జలగలు పట్టాయి. నౌపడ వైపు నుంచి రెండింటి బండి కూత వినబడింది.

కాసేపటికి కన్యాకుమారి అంది, "కొట్లో ఇన్నేళ్ళు కొడవళ్ళు అమ్మారు. ఒక్కటైనా పట్టారా ఎప్పుడైనా?"

చంద్రమౌళి బూట్లు విప్పి, పలక మీద బోర్లా పడుకుని డెక్క లాగడం మొదలుపెట్టాడు.

పొద్దు వాలుతుండగా అవతల నుంచి కోతచప్పుడు దగ్గరపడింది. ఆఖరి చదరం తొలగగానే త్రినాథ్ మొహం కనిపించింది, ఒంటినిండా బురద. దాలయ్య ఇంకా పెదవి విప్పకముందే, అందరికీ వినబడేలా అన్నాడు: "తాడు తెగిపోనాది మావా. నానొచ్చీసరికే తెగిపడున్నాది. నువ్వేటి సేస్తావు?" తెగిన కొస పైకెత్తి చూపించాడు.

దాలయ్య ఆ కొస అందుకున్నాడు. తను పేనిన కొబ్బరిపీచు తాడు అది. బొటనవేలితో కొస తడిమాడు.

"తెగిన తాడు పోగులుపోగులుగా ఉంటాదిరా. ఇది కొడవలి కోత."

"మావా..."

"నాను పేనింది తెగదు. కట్టలేదు. వొదిలీసినాను."

"అదికాదు, నా వల్లేనయ్యా, నేను లేచి నిలబడి..." చంద్రమౌళి ఏదో చెప్పబోయాడు.

"తాడు నా సేతిలో ఉండింది బాబూ."

సంగడి రేవుకి చేరింది. దాలయ్య గెడ తడి తుడిచి త్రినాథ్ ముందు పెట్టాడు. త్రినాథ్ ముట్టుకోలేదు. "ఈ వొయిసులో ఉప్పుగంపలు మోస్తావేటి?" అన్నాడు.

"నీకు పుళ్ళు పడినప్పుడు నీ వొయిసు సూసినానేట్రా? పట్టు."

మర్నాడు పొద్దున్నే వేరే ఊరివాళ్ళు వచ్చారు. సంగడి త్రినాథ్ నడిపాడు. దాలయ్య రేవులో కూర్చుని, ఉప్పుమళ్ళకి పోయేముందు, తడికకి కొత్త తాడు పేనుతున్నాడు. కాలవ మూతి దగ్గర సంగడి ఆగింది. త్రినాథ్ తడిక మూసి, గుంజకి కట్టి, వెనక్కి తిరిగి గట్టు వైపు చూశాడు. కేక కోసం ఆగాడు. రాలేదు.

"ఏసినాను మావా!" అని తనే అరిచాడు.

దాలయ్య తలెత్తలేదు. పీచు అరచేతుల మధ్య తిరుగుతూనే ఉంది. నీళ్ళు దిగడానికి ఇంకా రెండు నెలలుంది.