ముంజేతిలోని బొటనవేలు

నా చిన్నప్పుడు, అంటే డెబ్బైల చివర్లో, జహీరాబాదులో మా పక్కింట్లో ఒక పెద్దమ్మ ఉండేది. చుట్టం కాదు, పిలుపుకే పెద్దమ్మ. చెరుకు గానుగలో గడలు పెడుతుంటే ఆమె కుడిచేతి బొటనవేలు మొదలుకంటా పోయింది. అయినా జొన్నరొట్టె చేయడంలో మా వాడకట్టులో ఆమెను మించినవాళ్లు లేరు.

ఎల్లమాస పండుగకు మా వైపు రైతులు రొట్టెలు, కూరలు గంపకెత్తుకుని చేనుకు పోతారు. భూమికి ఇంత పెట్టి, పంట మధ్యే కూర్చుని తింటారు. అన్ని రొట్టెలు ఒక్కరి వల్ల అయ్యేవి కావు కనుక ముందురోజు ఆడవాళ్లంతా ఒకరింటికొకరు సాయం పోయేవారు. మా ఇంటికి ఏటా పెద్దమ్మే వచ్చేది.

నాకు పదేళ్లున్న ఏడు న్యాల్‌కల్ నుంచి మేనత్త పిల్లలు వచ్చారు. చేనులో వాళ్ల ముందు గొప్పలు పోవాలని నాకు ఎక్కడలేని తెలివి పుట్టింది. జొన్నరొట్టె మీద వేళ్ల అచ్చులు పడతాయి కదా. ఒక రొట్టె పైకెత్తి, "చూసిన్రా, దీని మీద బొటనేలి అచ్చే లేదు. గా మొండిచెయ్యి రొట్టె నేను తిన" అన్నాను. పిల్లలు పకపకా నవ్వారు. మాతోపాటు చేనుకు వచ్చిన పెద్దమ్మ కూరగిన్నెతో నా వెనకే నిలబడి ఉంది. గిన్నె కింద పెట్టి, చెయ్యి కొంగు చాటుకు తీసుకుంది. 'నోరా, వీపుకు దెబ్బలు తేకే' అని మా ఇంట్లో నన్ను చూసే అనేవారు. అంత నోరూ ఆ పూట తప్పయిందనడానికి పెగల్లేదు.

ఆ తర్వాత ఆమె మా గడప తొక్కలేదు. వాడకట్టులో పెళ్లయితే రొట్టెలకు పిలిచినా రానన్నదట. ఆ మాట విని మా బాపమ్మ, అంటే నాన్నను కన్నతల్లి, నన్ను కొట్టలేదు. కొట్టినా బాగుండేది.

మరునాడు ఆదివారం. పొద్దున్నే బాపమ్మ పాతచీర పేలికతో నా కుడి బొటనవేలిని అరచేతికి కట్టేసింది. "పొద్దూకేదాక కట్టు ఇప్పొద్దు బిడ్డా. అన్ని పనులు గీ చేతితోనే చేస్కో" అంది. మొదట ఆటలాగే ఉంది. కాసేపటికి లంగా బొందు ముడిపడలేదు. చెంబు జారి కాలి మీద పడింది. పెన్సిలు నిలవలేదు, జడ అల్లుకోలేకపోయాను. మధ్యాహ్నం బాపమ్మ జొన్నపిండి ముద్ద ముందు పెట్టి రొట్టె చేయమంది. అరచేతంత కాకముందే అంచులు పగిలాయి, ఎత్తబోతే ముక్కలైంది. వేలు పోయాక పెద్దమ్మ ఇలాంటివెన్ని పాడుచేసుకుని, ఎన్నిసార్లు ఏడ్చి, మళ్లీ నేర్చుకుందో అప్పుడు తట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను.

కట్టు విప్పకుండానే ఆమె ఇంటికి పోయాను. తప్పయిందని ఏడ్చాను. ఆమె నా చెయ్యి చూసి, "గిదేందే, ఎవరు కట్టిన్రు?" అంటూ తానే ముడి విప్పింది. తర్వాత తన ముంజెయ్యి నా చేతికిచ్చింది.

"జర గట్టిగ పట్టుకో. ఇప్పుడు బొటనేలు వంచుత."

లేని వేలిని ఎలా వంచుతుంది? కాని నా పట్టు కింద, చర్మం లోపల, ఏదో బిగుసుకుంది. మళ్లీ వదులైంది. నేను అదిరిపడ్డాను.

"బొటనేలును గుంజే కండ గీడుంటదట. దవాఖానల డాక్టర్ సాబ్ చెప్పిండు. ఏలు పోయిందని దానికింక ఎర్కలేదు బిడ్డా. రొట్టె కొట్టినప్పుడల్ల గుంజుతనే ఉంటది."

ఒక రొట్టెముక్క తుంచడానికి కూడా అంత దూరం నుంచి ఇన్ని కండలూ నరాలూ కలిసి పనిచేస్తాయని నాకు అప్పటిదాకా తెలియదు. ఆమె ఒళ్లు ఒక నష్టాన్ని మోస్తూనే కొత్త పని నేర్చుకుంది. నేను చూసింది మాత్రం అచ్చులు.

ఇప్పుడు నేనే బాపమ్మనయ్యాను. ఎవరి నడకో, మాటో వింతగా తోచి నోటిదాకా ఏదైనా వస్తే, నా ముంజెయ్యి పట్టుకుని బొటనవేలు వంచి చూసుకుంటాను. లోపల కండ కదులుతుంది, నోరు మూతపడుతుంది. ఆ ఆదివారం తర్వాత పెద్దమ్మ మళ్లీ మా ఇంటికి రొట్టెలకు వచ్చింది, నన్ను దగ్గరికి తీసుకుంది కూడా. కాని చుట్టాలు ఉన్నప్పుడు మాత్రం పొయ్యి దగ్గరే తిని వెళ్లిపోయేది. ఆమె బతికినన్నాళ్లూ అంతే. అది నా నోరు చేసిన పని.